గిటారు మీద బంటురీతి

కెంచార్లహళ్ళికి పోవు త్రోవలో మేమొక పాటను నడుమ ఆపించితిమి. ఆ తొందరపాటు వలన కలిగిన సిగ్గును, దాని వెంట తెలియవచ్చిన సంగతులను మన కుటుంబములవారితో చెప్పుకొనవలెనని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సంక్రాంతికి రెండు దినములు ముందు బెంగుళూరు విడిచి హొసకోట మీదుగా చింతామణి మార్గమున పోవుచుంటిమి. మా పెద్దవాడు కారు నడుపుచుండెను. వెనుక కూర్చున్న మనుమడు, పదునాలుగేండ్లవాడు, తన ఫోనులోని పాటలను కారు స్పీకర్లకు కలిపి వినిపించుచుండెను. మేమును మా గృహిణియు ఊరి సంగతులు మాటలాడుకొనుచు, ఆ చప్పుడును వినియు విననట్లుంటిమి. కైవారము క్రాసు దగ్గరపడుచుండగా, డ్రమ్ముల మ్రోతలో నుండి, గిటారుల హోరులో నుండి, జాతరలో చేయి పట్టుకొన్న చిన్ననాటి చుట్టమువలె ఒక పలుకు మమ్ము పట్టుకొనెను. త్యాగరాజస్వామివారి ‘బంటురీతి కొలువు’. హంసనాద రాగము. శ్రీరామనవమినాడు మా మేనత్త కన్నులు మూసికొని, పానకపు బిందె ప్రక్కన కూర్చుండి పాడుచుండిన కీర్తన.

“ఆపు నాయనా దాన్ని! దేవుని పాటను అట్లా చేసేదా?” అంటిమి.

వాడు మారుమాటాడక ఆపెను. కారులో మౌనము నిండెను. చింతామణి బజారు దాటిన తరువాత వాడే మెల్లగా నోరు విప్పెను.

“తాతా, బంటు అంటే ఎవురు?”

“సేవకుడు రా.”

“కంచుకం అంటే?”

“చొక్కా మాదిరిది.”

“ముద్రబిళ్ళ అంటే?”

ఇచ్చట మేము తడబడితిమి. దేవుని ముద్రయనియు, శంఖచక్రముల వంటిదనియు ఏదో చెప్పి తప్పించుకొంటిమి. వాడు తల యూపెనే గాని నమ్మినట్లు లేదు. వానికి తెలుగు అక్షరమొక్కటియు రాదు. బడిలో ఇంగ్లీషు, కన్నడము, హిందీ. ఇంటిలో మనము మాటలాడు తెలుగు తప్ప వేరు తెలుగు ఎరుగడు. అట్టివాడు ఆ కీర్తనలోని మాటలన్నిటిని వరుస తప్పకుండ నేర్చియున్నాడు. వాని అర్థము తెలియక లోలోన వెదకికొనుచున్నాడు. మేమో, అరువదేండ్లుగా వినుచున్న పాటలో ముద్రబిళ్ళ యేమని ఒక్కనాడైన అడిగినవారము కాము. భక్తితో తల యూపుచుంటిమి, అంతియే. పాటను పాడుచేసినవారెవరను ప్రశ్న మాకప్పుడు కొంచెము వేరుగా కానవచ్చెను.

ఆ రాత్రి కెంచార్లహళ్ళిలో మా పాత యింటి మిద్దె మీద వానిని కూర్చుండబెట్టుకొని, “మొదటి నుండి వినిపించు, అన్నియు వినిపించు” అని అడిగితిమి. వాడు ముందు వేళాకోళమనుకొని, పిదప చెవులకు తగిలించుకొను సాధనమును మా తలకు సరిచేసి పెట్టెను. ఆ రాత్రియు మరునాటి రాత్రియు వింటిమి.

ఆ పాట పాడినవారు ‘అగం’ అను బృందమువారు. 2003లో బెంగుళూరిలో ఏర్పడిరి. అగమనగా తమిళమున లోపలిది, అంతరంగము. గాత్రము, వయొలిను రెండును హరీష్ శివరామకృష్ణన్ గారివి, వారు మలయాళీలు. కీబోర్డు వాయించుచు క్రొత్త పాటలకు సాహిత్యము కూర్చువారు స్వామి సీతారామన్. ప్రధాన గిటారు ప్రవీణ్ కుమార్. ఉద్యోగములు చేసికొనుచు, మిగిలిన వేళలలో సాధన చేసి పైకి వచ్చిన బృందమిది. 2007లో ఎ.ఆర్. రహమాన్ న్యాయనిర్ణేతగా నుండిన టెలివిజను పోటీలో గెలుపొందిరి. తరువాత అయిదేండ్లకు, 2012లో, వారి మొదటి పాటల సంపుటము వెలువడెను. దాని పేరు ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’. లోపలి ఆత్మ మేలుకొనుచున్నదని చెప్పుకొనవచ్చును. బృందము పేరే అందు దాగియున్నది. మన దేశమున పాట యనగా సినిమా పాట యనియే లోకమునకు తలంపు. కథానాయకుని ముఖము లేకయే, నిర్మాత దయ లేకయే, తమ కాళ్ళ మీద నిలిచి పాటలు వెలువరించు ఇట్టి బృందములను కుర్రవారు ‘ఇండీ’ అని పిలుతురట. స్వతంత్రులని అర్థము.

మొదటి సంతకు బయలుదేరిన రైతు, ఉన్నదంతయు బండికెత్తుకొని పోవును. టమాటా పై నుండగా క్రింద చిక్కుడుకాయ, ఒక మూల కొత్తిమీర కట్టలు. ఈ సంపుటమును అట్టిదే. ఇందులో స్వాతి తిరునాళ్ మహారాజుగారి ధనాశ్రీ తిల్లానా యున్నది. మల్హారు రాగముతో ఆట యున్నది. కేరళపు పడవపాట యున్నది. వీటి నడుమ మన తెలుగు కీర్తన. ఒక చోట ఆగి ఊపిరి పీల్చుకొందమను తలంపు వారికి లేదు. చేతికందినదంతయు గట్టిగా, వేగముగా, ఇదియే తుది కచేరి యన్నట్లు పాడిరి. మా వయసువారికి ఆ జోరు మొదట దెబ్బవలె తగులును. కాని రెండవ రాత్రికి ఒక సంగతి గ్రహించితిమి. ఆ జోరు అల్లరి కాదు. చాలకాలము అణచిపెట్టుకొన్నది ఒక్కమారుగా కట్ట తెగినప్పటి పొంగు అది.

సంగీత విషయమున మాకు తోచినది ఒకటి చెప్పెదము. మేము విద్వాంసులము కాము. మేనత్త దయవలన స్వరములు గుర్తుపట్టుదుము. రాక్ సంగీతములో గిటారువారు బరువుగా మీటునప్పుడు తరచుగా షడ్జమ పంచమములను మాత్రమే కలిపి మీటుదురు, గాంధారమును విడిచిపెట్టుదురు. హంసనాదములో గాంధారమే లేదు. షడ్జమము, రిషభము, అచ్చట నుండి ఒక్క దుముకులో ప్రతిమధ్యమము, పంచమము. కావున ఆ గిటారు మ్రోత ఈ రాగమునకు అడ్డుపడదు. అరుగువలె క్రింద నిలుచును, రాగము దాని మీద నడచును. తాళమన్న ఆదితాళము, ఎనిమిది క్రియలు. డ్రమ్ములవారి నాలుగు నాలుగు దెబ్బలకు అది పాలు పంచినట్లు సరిపోవును. వారీ కీర్తననే ఎన్నుకొనుటలో తెలివి యున్నది. దానికి వారు పెట్టిన పేరు ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’. హంసనాదములోని హంసను సరస్వతీదేవి వాహనముగ చేసిరి. చమత్కారము బాగుగనే యున్నది. కాని ‘బంటురీతి’ అను తెలుగు పేరునే పెట్టియుండిన మా మనుమడు వెదకుకొనుట సులభమయ్యెడిది గదా యని మాకొక చిన్న ఫిర్యాదు. ఇంకొకటి: మ్రోత పెచ్చుపెరిగిన చోటుల సాహిత్యము మునిగిపోవుచున్నది. త్యాగరాజస్వామి మాట మునుగకూడదు. ఈ మాట మనుమనితో అన్నప్పుడు వాడు, “తాతా, నాకు అన్నీ వినిపిస్తుండాయి” అనెను. చెవులు వానివి మంచివి కాబోలు.

ఇక మాట కొత్తము. మరునాటి ఉదయము మనుమనికి చెప్పుటకై ఆ కీర్తనను మేమే మరల మననము చేసికొంటిమి. జీవితమున మొదటిసారి, పాటగా గాక, అర్జీగా చదివితిమి. నిజముగా అది అర్జీయే. రామా, నీ యొద్ద నాకు బంటు ఉద్యోగమిమ్మని కోరుచున్నాడు. కాముడు మొదలైన శత్రువులను పడగొట్టగల బంటుగా నుందునని యోగ్యత చెప్పుకొనుచున్నాడు. ఉద్యోగమునకు కావలసిన సరంజామా కూడ తానే చూపుచున్నాడు. మేని పులకరింతయే అంగీ. రామభక్తుడను పేరే బిళ్ళ. రామనామమే కత్తి. బలాత్కారముగ వచ్చిన కత్తి కాదు, కొలువులో కావలి కాయు మనిషి పట్టు కత్తి.

తంజావూరు రాజుగారి కొలువును త్యాగరాజస్వామి కాదన్నారని సంప్రదాయము చెప్పును. పెద్ద కొలువు కాదని, వాకిట నిలుచు బంటు పని అడిగిన పాట యిది. వాకిట నిలుచు మనిషి నెమ్మదిగా పాడునా? కేకవేసి పాడును. మేనత్త కన్నులు మూసి పాడిన తీరును మేము తప్పనుట లేదు. ఆమెది ఆమె భక్తి. కాని ఈ కుర్రవారు దానిలోని కావలివాని గొంతును పట్టుకొనిరి. మేము అపచారమనుకొన్నది, అర్థమునకు దగ్గరగా పోవుటయే యయ్యెను.

వాద్యముల మాటకు వత్తుము. గిటారు పరాయిదని మేమంటిమి గదా. మేనత్తకు ప్రక్కన వాయించిన వయొలిను ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములైన బాలుస్వామి దీక్షితులు దానిని దొరల యొద్ద నేర్చి మన సంగీతమునకు తెచ్చిరి. నేడు అది లేని కచేరి లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్తుతో పలుకు మాండొలిను మీద కీర్తనలు వాయించినప్పుడు ముక్కున వ్రేలు వేసికొన్న పెద్దలే తరువాత చప్పట్లు కొట్టిరి. 2014లో ఆయన పోయినప్పుడు ఆ వాద్యము ఎవరిదని అడిగినవారు లేరు.

భాష మాటయు నంతే. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బ్రదికి, 1847లో అచ్చటనే సిద్ధి పొందిరి. చుట్టును తమిళము, ఇంట తెలుగు. మనవలెనే పొరుగు సీమలో స్థిరపడిన కుటుంబపువారే. ఆయన సమాధికి 1920 ప్రాంతముల గుడి కట్టించుటకు తన సొత్తంతయు ధారపోసిన బెంగుళూరు నాగరత్నమ్మగారు మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టినవారు. ఈ తెలుగు పాటను నిలిపినవారిలో తెలుగు నాటివారికంటె ఇతరులే ఎక్కువేమో. ఒక మలయాళీ దానిని బెంగుళూరిలో గిటారు మీద పాడుట అందులో చివరి మెట్టు మాత్రమే. అదే బృందమువారు 2017లో వచ్చిన రెండవ సంపుటములో నళినకాంతి రాగపు ‘మనవ్యాలకించరాదటే’ కూడ పాడిరి. తెలుగు వారినుండి ఉత్తరమెవరును వ్రాసియుండరు, అయినను పాడిరి.

మనవారు చేయవలసినది చేయలేదను బాధ మాకొకటి యున్నది. మన కన్నడ సోదరులను చూడుడు. 2008లో రఘు దీక్షిత్ తన మొదటి సంపుటములో శిశునాళ షరీఫు సాహెబు (1819–1889) తత్త్వములను గిటారుతో పాడగా, ఊరూర కుర్రవారు వానిని పాడుకొనిరి. మన చింతామణి తాలూకాలోనే, కైవారములో, గాజులమ్మి బ్రదికిన నారాయణప్పగారు, మనమందరము కైవారము తాతయ్య యని చెప్పుకొనువారు, తెలుగులోను కన్నడములోను తత్త్వములు పాడిరి. గురుపూర్ణిమకు అక్కడ సంగీతోత్సవము జరుగుచున్నది, మేమును పోవుచుందుము. తాతయ్య తెలుగు తత్త్వమొకటి ఇట్టి జోరుతో మా మనుమని ఫోనులోనికెక్కిన, వాడు దాని అర్థమును కూడ అడిగియుండును. మన యిండ్లలో గిటారు వాయించు పిల్లలు లేకపోలేదు. వారికి తాతయ్య పాటను అందించినవారము మనము కాము.

జోరు అన్నది మన పల్లెకు కొత్త కాదు. భోగినాటి సాయంకాలము కెంచార్లహళ్ళిలో తమటెలు మ్రోగినవి. నిప్పు మీద తోలు కాచి, బిగువు చూచి, ఇద్దరు కుర్రవారు ఎదురెదురుగ నిలిచి వాయించిరి. మా చిక్కబళ్ళాపుర జిల్లావారే యైన మునివెంకటప్పగారికి తమటె విద్యకు 2023లో పద్మశ్రీ వచ్చినప్పటి నుండి మా ప్రాంతమున ఆ తోలుకు కొంచెము మర్యాద పెరిగినది. మనుమడు ముందుకు పోయి, చేతులు కట్టుకొని, కదలక నిలిచి చూచెను. తిరిగి వచ్చి, “ఆ డ్రమ్మర్ కంటే వీళ్ళు గట్టిగా ఉండారు తాతా” అనెను. మేమేమియు అనలేదు. డ్రమ్ములకు ఆపుమనియు తమటెలకు ఆపుమనియు ఒకే నోటితో అన్న వారము. చిన్ననాడు తమటె వీధికి వచ్చిన తలుపు మూయుచుంటిమి.

బిళ్ళ సంగతి చెప్పవలసి యున్నది. పండుగనాడు మా గృహిణి పాత ట్రంకుపెట్టె తీసి, అడుగున నున్న పట్టుపంచెలను ఎండకు వేయుచుండెను. ఆ పంచెల క్రింద చిన్న గుడ్డమూట. విప్పగా మా నాయనగారి డవాలియు, దాని యిత్తడి బిళ్ళయు. మా నాయన చింతామణి తాలూకా కచేరిలో బంట్రోతు. అప్పుడది కోలారు జిల్లా. 2007లోనే గదా చిక్కబళ్ళాపుర జిల్లా వేరుపడినది. ఎఱ్ఱని డవాలి భుజము నుండి అడ్డముగా వేసికొని, బిళ్ళకు చింతపండు పెట్టి తోమి, అద్దమువలె మెఱపించి, తెల్లవారకమునుపే బయలుదేరువాడు. ఊరివారు మమ్ము ‘బిళ్ళోళ్ళ పిల్లోడు’ అనుచుండిరి. మేము చదువుకొని, బెంగుళూరు చేరి, ఉద్యోగస్థులమైన పిదప ఆ పేరు ఎచ్చటను చెప్పుకొనలేదు. మా మనుమనికి ముత్తాత ‘గవర్నమెంటు సర్వీసు’లో నుండెనని మాత్రము తెలుసును.

కావున ఆ కారులో ముద్రబిళ్ళ యనగా తెలియదని తడబడినది అజ్ఞానము వలన మాత్రమే కాదు. తెలిసిన మాటనే తెలియనట్లు దాటితిమి. శంఖచక్రములంటిమి. బంటు, బంట్రోతు, బిళ్ళ: ఈ మాటలు మా యింటి ట్రంకులోనే యుండెను.

మనుమని పిలిచి ఆ బిళ్ళను వాని చేతిలో పెట్టితిమి. అది పచ్చబడి, అంచులు అరిగి యున్నది. గండభేరుండపు రెండు తలలలో ఒకటి కనబడుట లేదు. “ఇదే రా ముద్రబిళ్ళ. ఇది వేసుకున్న వాడే బంటు. మీ ముత్తాత బంటు” అంటిమి. మా గొంతు మా స్వాధీనములో లేదు. వాడు దానిని తిప్పి చూచెను. తన చొక్కా మీద, భుజమునకు క్రిందుగా, ఎక్కడ పెట్టుకొందురో సరిగా అచ్చటనే పెట్టి చూచుకొనెను. “అయితే ఆ పాటలో ఆయన పోలీసు మాదిరి డ్యూటీ అడుగుతుండాడు” అనెను. అంతకంటె మంచి వ్యాఖ్యానము మేము వినియుండలేదు.

ట్రంకులోనే మా నాయన భజన పుస్తకమొకటి దొరకెను. పాటలు తెలుగు, అక్షరములు కన్నడము. మన సీమ పద్ధతి అందరికి తెలిసినదే. ఆ పుస్తకము మనుమడు గడగడ చదివెను. మాకు ఆశ్చర్యమయ్యెను, వానికి ఆశ్చర్యము లేదు. కన్నడ అక్షరములే గదా. చదువుచు చదువుచు నిలిచి, “తెలుగులో ‘బ’ ఎట్లా రాసేది?” అని అడిగెను. ఆ పుస్తకపు చివరి ఖాళీ పుటలో వ్రాసి చూపితిమి. కన్నడ బకారమును తెలుగు బకారమును ఇంచుమించు ఒక్కటే. ప్రక్కన సున్న. వాడు రెండు మూడు మార్లు వ్రాసి, ‘బంటు’ అని పూర్తిచేసెను. టకారము కొంచెము వంకరపోయినది. దిద్దలేదు.

మరునాడు తిరుగు ప్రయాణమున, కైవారము క్రాసు దగ్గర, మేమే అడిగి ఆ పాట పెట్టించితిమి. మొదటి నుండి చివర వరకు వింటిమి. నడుమ ఒక్కమారు మాత్రము చప్పుడు కొంచెము తగ్గించుమని కోరితిమి. వాడు తగ్గించెను, చాలినంత తగ్గించలేదు.